ఈతగాడికి ఆరు నెలలు: కాలేజీ ఆటగాళ్లపై కోర్టుల కనికరం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఈ కౌంటీలోనే ఉంది. 2016లో ఇక్కడి కోర్టు ఒక ఈతగాడికి వేసిన ఆరు నెలల శిక్ష మీద దేశమంతా అట్టుడికిపోయింది. రెండేళ్ల తర్వాత ఆ తీర్పు చెప్పిన జడ్జిని ఉంచాలా, తీసేయాలా అని అడుగుతూ మా ఇంటికి బ్యాలెట్ కాగితం వచ్చింది. అప్పటినుంచి స్నేహితులు, బంధువులు, ముఖ్యంగా పిల్లల్ని ఇక్కడి కాలేజీలకు పంపిన తల్లిదండ్రులు దీని గురించి అడుగుతూనే ఉన్నారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

అసలు ఆ రాత్రి ఏం జరిగింది?

2015 జనవరి 18, అర్ధరాత్రి దాటి ఒంటిగంట ప్రాంతం. స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లో ఒక ఫ్రాటర్నిటీ హౌస్‌లో, అంటే ఒక విద్యార్థి సంఘం కుర్రాళ్లు కలిసి ఉండే ఇంట్లో, పార్టీ జరుగుతోంది. ఆ ఇంటి బయట, చెత్త డంప్‌స్టర్ దగ్గర నేల మీద ఒక అమ్మాయి స్పృహ లేకుండా పడి ఉంది. ఆమె మీద ఒక కుర్రాడు ఉన్నాడు. స్వీడన్ నుంచి వచ్చి ఇక్కడ పీజీ చేస్తున్న ఇద్దరు విద్యార్థులు అటుగా సైకిళ్ల మీద వెళ్తూ చూశారు. అమ్మాయిలో కదలిక లేదని గమనించి దగ్గరికెళ్లి గట్టిగా అడిగారు. కుర్రాడు లేచి పరుగు తీశాడు. వాళ్లు వెంటపడి పట్టుకుని, పోలీసులు వచ్చేదాకా వదల్లేదు.

ఆ కుర్రాడి పేరు బ్రాక్ టర్నర్. వయసు 19. ఒహాయో నుంచి వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో మొదటి సంవత్సరం చదువుతూ యూనివర్సిటీ ఈత జట్టులో ఉన్నాడు. అమ్మాయికి 22 ఏళ్లు. ఆమె స్టాన్‌ఫర్డ్ విద్యార్థిని కాదు, చెల్లెలితో కలిసి పార్టీకి వచ్చింది. కళ్లు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉంది. తనకు సరిగ్గా ఏం జరిగిందో ఆమెకు తెలిసింది డాక్టరు చెప్తేనో పోలీసులు చెప్తేనో కాదు. కొన్నాళ్ల తర్వాత ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో వార్తలు చూస్తుంటే, అందరితో పాటు ఆమె కూడా చదివి తెలుసుకుంది. ఆ వార్త చివర్లో అతను ఏ ఈత పోటీని ఎంత సమయంలో పూర్తి చేశాడో కూడా రాశారు.

ఈ ఒక్క వివరం చాలు నాకు. ఒక లైంగిక దాడి వార్తలో నిందితుడి ఈత రికార్డులతో పనేముంది?

జ్యూరీ ఏం తేల్చింది? ఎంత శిక్ష పడే అవకాశం ఉండింది?

2016 మార్చి 30న 12 మంది జ్యూరీ సభ్యులు ఏకగ్రీవంగా మూడు నేరాల్లో అతన్ని దోషిగా తేల్చారు. మూడూ ఫెలనీలే, అంటే పెద్ద నేరాలు. మత్తులో ఉన్న మనిషిపై అత్యాచారం చేసే ఉద్దేశంతో దాడి చేయడం ఒకటి. మిగతా రెండూ మత్తులో, స్పృహ లేని స్థితిలో ఉన్న మనిషిపై లైంగిక దాడి చేసినందుకు. మొదట పెట్టిన రెండు అత్యాచార అభియోగాలను విచారణకు ముందే ఉపసంహరించుకున్నారు, ఎందుకంటే అప్పటి కాలిఫోర్నియా చట్టంలో అత్యాచారం అనే మాటకు నిర్వచనం చాలా ఇరుకు.

మూడూ కలిపితే గరిష్ఠంగా 14 ఏళ్లు. ప్రాసిక్యూటర్ అడిగింది ఆరేళ్లు. 2016 జూన్ 2న జడ్జి ఆరన్ పెర్స్కీ వేసింది కౌంటీ జైల్లో ఆరు నెలలు, మూడేళ్ల ప్రొబేషన్ (జైలు బయట అధికారుల నిఘాలో ఉండటం), జీవితాంతం లైంగిక నేరస్థుల జాబితాలో పేరు.

అంత తక్కువ ఎలా వేయగలిగారు? చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంది. అసలు గొడవంతా అక్కడే. ఈ నేరాలకు మామూలుగా రాష్ట్ర జైలుకే పంపాలి, ప్రొబేషన్ ఇవ్వకూడదు. కానీ ‘ఇది మామూలు కేసు కాదు, న్యాయం కోసం ప్రొబేషనే మేలు’ అని జడ్జికి అనిపిస్తే ఇవ్వొచ్చని చట్టంలో ఒక సందు ఉంది. పెర్స్కీ ఆ సందులోంచే వెళ్లారు. కుర్రాడి వయసు, ఇంతకుముందు నేరచరిత్ర లేకపోవడం, తాగి ఉండటం, అతని మంచితనం గురించి వచ్చిన ఉత్తరాలు, వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నారు. జైలు శిక్ష అతని మీద తీవ్ర ప్రభావం చూపుతుందని, అతనివల్ల ఇతరులకు ప్రమాదం ఉండదని అనుకుంటున్నానని చెప్పారు.

నిజాయతీగా చెప్పాలంటే, ఆ జడ్జి సొంతంగా గాల్లోంచి తీసుకొచ్చిన శిక్ష కాదది. శిక్షకు ముందు ప్రొబేషన్ శాఖ ఒక నివేదిక ఇస్తుంది. అందులోనే కౌంటీ జైలు, ప్రొబేషన్ చాలని సిఫార్సు చేశారు. ఆ నివేదిక కోసం బాధితురాలితో కూడా మాట్లాడారు. అతను జైల్లో కుళ్లిపోవాలని తనకు లేదని ఆమె అన్న మాటను పట్టుకుని, ఆమెకూ తక్కువ శిక్షే ఇష్టం అన్నట్టు రాశారు. తన మాటను వంచారని ఆమె కోర్టులోనే చెప్పింది. ఆడపిల్ల పెద్దమనసుతో ఒక మాట అంటే దాన్ని అవతలివాడి ఖాతాలో జమ వేశారు. నాకు అన్నిటికంటే కష్టమనిపించింది అదే.

ఆరు నెలలన్నారు, మూడు నెలలకే బయటికి ఎలా వచ్చాడు?

కాలిఫోర్నియా కౌంటీ జైళ్లలో సత్ప్రవర్తన ఉంటే శిక్ష దాదాపు సగానికి తగ్గుతుంది. ఇది అతనికోసం పెట్టిన రూలు కాదు, అందరికీ ఉన్నదే. 2016 సెప్టెంబర్ 2న విడుదలయ్యాడు.

తండ్రి రాసిన ఉత్తరం గురించి అంత గొడవ ఎందుకు?

శిక్ష వేసేముందు జడ్జికి ఉత్తరాలు రాయడం ఇక్కడ మామూలే. అమ్మానాన్నలు, స్నేహితులు, కోచ్‌లు రాస్తారు. టర్నర్ తండ్రి కూడా రాశాడు. కొడుకు ముందులా నవ్వడం లేదని, ఇష్టంగా తినే మాంసం ముక్క వేయించి పెట్టినా తినాలని లేదని, ఇరవై ఏళ్ల పైబడిన జీవితంలో ‘20 నిమిషాల పని’కి ఇది చాలా పెద్ద మూల్యమని అందులో ఉంది.

కన్నతండ్రి బాధ నాకు అర్థమవుతుంది. నాకూ కొడుకున్నాడు. అలాంటి పరిస్థితి వస్తే నా పెన్ను ఏం రాసేదో చెప్పలేను. కానీ ఆ ఉత్తరంలో అమ్మాయి గురించి ఒక్క ముక్క లేదు. కొడుకు ఆకలి తగ్గిందని రాసిన మనిషికి, ఆ 20 నిమిషాల అవతల ఇంకొకరి ఇంట్లో ఎవరు అన్నం ముట్టడం లేదో గుర్తురాలేదు.

ఆమె మాట జనంలోకి ఎలా వెళ్లింది?

శిక్ష వేసే రోజున ఆమె కోర్టులో తన వాంగ్మూలాన్ని కుర్రాడికి ఎదురుగా చదివింది. రాసుకొచ్చింది 12 పేజీలు. మర్నాడు బజ్‌ఫీడ్ అనే వార్తల వెబ్‌సైట్ దాన్ని పూర్తిగా ప్రచురించింది. నాలుగు రోజుల్లో కోటి మందికి పైగా చదివారు. ఒక సీఎన్ఎన్ యాంకర్ కార్యక్రమంలో ఎక్కువ భాగం దాన్ని చదవడానికే ఇచ్చేసింది. ప్రతినిధుల సభలో సభ్యులు వంతులవారీగా చదివారు. అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ ఆమెకు బహిరంగ లేఖ రాశారు. అప్పటికి ఆమె పేరు ఎవరికీ తెలియదు, కోర్టు కాగితాల్లో ‘ఎమిలీ డో’ అని మారుపేరుతో ఉండేది.

నేను ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపి లేచి నీళ్లు తాగొచ్చాను. పూర్తయ్యాక నా భార్యకు ఇచ్చాను. తను చదివి ఏమీ అనలేదు. అప్పటికి పడుకున్న మా అమ్మాయి గది తలుపు తీసి ఒకసారి చూసి వచ్చింది.

ఆటగాడు కాబట్టే తక్కువ వేశారా?

జడ్జి ఆ మాట అనలేదు. మంచి ఈతగాడు కాబట్టి వదిలేస్తున్నాను అని ఏ జడ్జీ అనడు. ఆట కోర్టులోకి దొడ్డిదారిన వస్తుంది. మంచి భవిష్యత్తు ఉన్న కుర్రాడు, క్రమశిక్షణ ఉంది, కష్టపడి పైకొచ్చాడు, ఇప్పటికే చాలా పోగొట్టుకున్నాడు అంటూ వస్తుంది. టర్నర్ విషయంలో పోగొట్టుకున్నవి అంటే స్టాన్‌ఫర్డ్ సీటు, ఒలింపిక్స్ కల. అమెరికా ఈత సమాఖ్య అతన్ని జీవితాంతం నిషేధించింది. ఇవన్నీ కూడా శిక్షలో భాగమే కదా అని అతని తరఫువాళ్ల వాదన.

ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. ఎంత ఎత్తులో ఉంటే పడినప్పుడు అంత దెబ్బ, కాబట్టి అంత జాలి. కిరాణా కొట్లో పనిచేసే 19 ఏళ్ల కుర్రాడు అదే నేరం చేస్తే పోగొట్టుకోవడానికి అతనికి ఒలింపిక్స్ లేదు, కాబట్టి జాలి తక్కువ. అంటే ముందునుంచీ ఎక్కువ ఉన్నవాడికి కోర్టు ఇంకాస్త ఎక్కువ ఇస్తోంది. మరి అమ్మాయి భవిష్యత్తు మాటేమిటి? ఆమె ఉద్యోగం మానేసింది, చీకట్లో నిద్రపోలేకపోయింది. శిక్ష తూకంలో వాటికి అతని ఈత రికార్డులంత బరువు లేకపోయింది.

పెర్స్కీ కూడా స్టాన్‌ఫర్డ్‌లోనే చదివారు, అక్కడ లాక్రోస్ (వలకర్రలతో బంతిని ఆడే ఆట) ఆడారు. తనలాంటి కుర్రాడు కాబట్టి జాలిపడ్డారని చాలామంది అన్నారు. ఆయన గతంలో లైంగిక నేరాల కేసులు వాదించిన ప్రాసిక్యూటర్ కూడా. జడ్జీల ప్రవర్తనను చూసే రాష్ట్ర కమిషన్ ఆ శిక్ష మీద వచ్చిన ఫిర్యాదులు పరిశీలించి, పక్షపాతానికి స్పష్టమైన ఆధారాలు లేవని 2016 డిసెంబర్‌లో తేల్చింది. ఆయన చెడ్డవాడని నేననను. ఎదురుగా నిలబడ్డవాడిలో తన కుర్రతనం కనిపిస్తే ఏ మనిషికైనా గుండె కరుగుతుంది. అది కొందరిని చూసినప్పుడే కరుగుతుంది, అందుకే నాకు భయం.

అదే జడ్జి దగ్గర గృహహింస కేసులో దోషి అయిన ఒక కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడికి, వేరే రాష్ట్రంలో యూనివర్సిటీ జట్టుకు ఆడేందుకు వీలుగా శిక్ష విధింపును ఏడాదికి పైగా వాయిదా వేసిన సంగతి కూడా తర్వాత బయటికొచ్చింది. ఎల్ సాల్వడార్ నుంచి వలస వచ్చిన ఒకతనికి ఇంచుమించు ఇలాంటి నేరానికే మూడేళ్ల జైలు పడిందన్న పోలిక కూడా అప్పట్లో బాగా తిరిగింది. అది వేరే సెక్షను, అక్కడ జడ్జి చేతిలో అంత వెసులుబాటు లేదు, ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం పడిన శిక్ష. ఈ తేడా చెప్పకుండా ఆ పోలిక చేయడం సరికాదు.

కనికరమంతా జడ్జి దగ్గరేనా?

కాదు. జనం జడ్జిని మాత్రమే చూస్తారు, ఎందుకంటే అది టీవీలో కనిపిస్తుంది. అసలు తగ్గింపు చాలావరకు అంతకుముందే అయిపోతుంది. క్రీడా వార్తా చానల్ ఈఎస్‌పీఎన్ 2015లో పది యూనివర్సిటీ ఊళ్ల పోలీసు రికార్డులు తవ్వింది. ఫ్లోరిడా యూనివర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్‌లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద వచ్చిన కేసుల్లో 56 శాతం అభియోగాలు లేకుండానో, కొట్టేయడంతోనో ముగిశాయి. అదే వయసు మామూలు కుర్రాళ్ల కేసుల్లో ఆ లెక్క 28 శాతం. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఉన్న టాలహాసీలో ఆటగాళ్లకు 70 శాతం, మిగతావాళ్లకు 50 శాతం.

కారణం లంచాలు, సిఫార్సులేనని ఆ పరిశోధన చెప్పలేదు. ఆటగాడికి గంటల్లో పేరున్న లాయరు దొరుకుతాడు. ఫిర్యాదు చేసినవాళ్లకూ సాక్షులకూ ఊరంతా అభిమానులే కావడంతో గొంతు పెగలదు. పెద్ద పేరున్న కేసు కాబట్టి మరింత గట్టి ఆధారాలు కావాలని పోలీసులు, ప్రాసిక్యూటర్లు వెనకాడతారు. క్రికెట్ స్టార్ మీద కేసు పెట్టాలంటే మన ఊళ్లో ఎస్సై ఎంత ఆలోచిస్తాడో అనుకోండి, అదే.

టాలహాసీలోనే జరిగింది ఇంకొకటుంది. 2012 డిసెంబర్‌లో ఒక విద్యార్థిని తనపై అత్యాచారం జరిగిందని పోలీసులకు చెప్పింది. ఆమె తర్వాత పేరు చెప్పిన కుర్రాడు ఫ్లోరిడా స్టేట్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపించే ఆటగాడు) జేమిస్ విన్‌స్టన్. ఇద్దరి ఇష్టంతోనే జరిగిందని అతను చెప్పాడు. పోలీసులు కొన్ని వారాలకే ఆ ఫైలు పక్కన పడేశారు. దాదాపు ఏడాది తర్వాత విలేకరులు అడిగేదాకా అది ప్రాసిక్యూటర్ బల్ల మీదకే రాలేదు. 2013 డిసెంబర్ 5న ఆధారాలు చాలవని అభియోగాలు పెట్టలేదు. తొమ్మిది రోజులు తిరిగేసరికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద అవార్డయిన హైస్‌మన్ అతని చేతిలో ఉంది. అతను దోషి అని ఏ కోర్టూ అనలేదు, నేనూ అనను. వేళకు దర్యాప్తు జరిగి ఉంటే నిజం ఇటో అటో తేలేది. ఆ వేళ దాటిపోయాక ఇద్దరికీ న్యాయం జరగలేదు. 2016లో యూనివర్సిటీ ఆమె వేసిన దావాను 9,50,000 డాలర్లు ఇచ్చి ముగించింది.

ఇది కొత్తగా వచ్చిన సమస్యా?

చాలా పాతది. 1995లో నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు లారెన్స్ ఫిలిప్స్ తన మాజీ ప్రియురాలిని కొట్టి, మెట్ల మీద ఈడ్చుకెళ్లాడు. కోర్టు ప్రొబేషన్ ఇచ్చింది. కోచ్ టామ్ ఆస్బోర్న్ ఆరు ఆటలు పక్కన పెట్టి మళ్లీ జట్టులోకి తీసుకున్నారు. ఆట లేకపోతే ఆ కుర్రాడు చెయ్యి దాటిపోతాడన్నది ఆయన వాదన. 1996 జనవరిలో జాతీయ టైటిల్ ఆటలో ఫిలిప్స్ దుమ్మురేపాడు, నెబ్రాస్కా గెలిచింది. ఆ తర్వాత అతని జీవితం మాత్రం దాడి కేసులు, సుదీర్ఘ జైలు శిక్షల్లోకి జారిపోయింది. 2016 జనవరిలో జైలు గదిలో చనిపోయి కనిపించాడు. చిన్నప్పుడు దిక్కులేక ప్రభుత్వ హోముల్లో పెరిగిన మనిషి. అతన్ని చూసి బాధపడకుండా ఉండలేను. కానీ మైదానంలో పనికొచ్చినన్నాళ్లే అందరూ అతన్ని వెనకేసుకొచ్చారు.

2014లో ఓక్లహోమాలో జో మిక్సన్ అనే ఆటగాడు ఒక అమ్మాయిని పిడికిలితో కొడితే ఆమె దవడ విరిగింది. ఏడాది వాయిదా శిక్ష (ఆ ఏడాది షరతులు పాటిస్తే జైలు ఉండదు), 100 గంటల సమాజసేవ వేశారు. ఒక సీజన్ ఆడనివ్వలేదు, స్కాలర్‌షిప్ ఉంచారు. వీడియో బయటికొచ్చింది 2016 చివర్లో. 2017లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లాడు.

అయితే ఆటగాళ్లందరూ ఇలాగే బయటపడతారా?

లేదు. టర్నర్‌కు ఆరు నెలలు పడిన ఆ వేసవిలోనే, జూలై 2016లో, టెనెసీలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు కోరీ బేటీకి 15 ఏళ్లు పడ్డాయి. అదీ స్పృహలో లేని విద్యార్థినిపై దాడే, 2013లో జరిగింది. అదే కేసులో బ్రాండన్ వాండెన్‌బర్గ్‌కు 17 ఏళ్లు వేశారు. బేటీ నల్లజాతి కుర్రాడు, టర్నర్ తెల్లజాతి కుర్రాడు. ఇద్దరి ఫొటోలు పక్కపక్కన పెట్టి 15 ఏళ్లు, ఆరు నెలలు అని రాసిన చిత్రం అప్పట్లో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. ఫొటో చెప్పనిది ఒకటుంది. టెనెసీలో ఆ నేరానికి 15 ఏళ్లు కనీస శిక్ష, జడ్జి తగ్గించాలనుకున్నా తగ్గించలేడు. 17 ఏళ్లు పడిన వాండెన్‌బర్గ్ తెల్లవాడే. జాతి పాత్ర లేదని నేననను, ఈ దేశపు కోర్టుల్లో అది ఎప్పుడూ ఉంది. కానీ ఒక్క ఫొటోతో తేలిపోయే విషయం కాదిది.

ఆటగాళ్ల మీద తప్పుడు కేసులు రావా?

వస్తాయి, దాచాల్సిన పనిలేదు. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లాక్రోస్ జట్టులో ముగ్గురి మీద అత్యాచారం కేసు పెట్టారు. ఎన్నికల ముందున్న ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్ రోజూ టీవీలో మాట్లాడాడు, కుర్రాళ్లకు అనుకూలంగా వచ్చిన డీఎన్ఏ ఫలితాలు తొక్కిపెట్టాడు. 2007 ఏప్రిల్‌లో నార్త్ కరోలినా అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించారు. నైఫాంగ్ లైసెన్సు పోయింది. ఆరోపణ చేసిన మహిళ అది అబద్ధమని 2024లో ఒప్పుకుంది.

‘అందుకే ఆడవాళ్ల మాట నమ్మకూడదు’ అని దీన్ని వాడేవాళ్లు నాకు చాలామంది తగిలారు. టర్నర్ కేసులో ఇద్దరు సాక్షులు కళ్లారా చూశారు, జ్యూరీ తేల్చింది, అప్పీలు కోర్టు 2018 ఆగస్టులో ఆ తీర్పును నిలబెట్టింది. నేరం జరిగిందా అన్నది ఒక ప్రశ్న. జరిగిందని తేలాక ఎంత శిక్ష వేయాలన్నది వేరే ప్రశ్న. డ్యూక్ కేసు మొదటిదానికి చెందినది.

జడ్జిని ఓటేసి తీసేయడమేంటి?

మన దేశంలో పెరిగినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. కాలిఫోర్నియాలో కౌంటీ స్థాయిలో ఉండే సుపీరియర్ కోర్టుల జడ్జీలు ఎన్నికల్లో నిలబడాలి. పోటీ లేకపోతే వాళ్ల పేరు బ్యాలెట్ మీద కూడా రాదు. పెర్స్కీ ఆ శిక్ష వేసిన వారానికే పోటీ లేకుండా మళ్లీ గెలిచారు, అప్పటికి పోటీకి గడువు దాటిపోయింది. పదవీకాలం మధ్యలో తీసేయాలంటే సంతకాలు సేకరించి రీకాల్ ఎన్నిక పెట్టాలి. స్టాన్‌ఫర్డ్ లా ప్రొఫెసర్ మిషెల్ డాబర్ దాన్ని నడిపించారు. దాదాపు 95,000 సంతకాలు వచ్చాయి. 2018 జూన్ 5న దాదాపు 62 శాతం మంది తీసేయమన్నారు. కాలిఫోర్నియాలో 1932 తర్వాత జనం తొలగించిన మొదటి జడ్జి ఆయనే.

బ్యాలెట్ మీద రెండు ప్రశ్నలుండేవి: తీసేయాలా, తీసేస్తే ఆ స్థానంలో ఎవరు. మా ఇంట్లో రెండు ఓట్లు, రెండు వైపులు పడ్డాయి. నా భార్య తీసేయమని వేసింది. నేను వద్దని వేశాను. ఆ సాయంత్రం మా మధ్య జరిగిన మాటలు ఇప్పటికీ గుర్తే. ‘నువ్వు జడ్జి ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నావు, నేను ఆ పిల్ల గురించి ఆలోచిస్తున్నాను’ అంది.

శిక్ష తప్పనుకుంటూ రీకాల్ వద్దని ఎందుకు వేశారు?

శిక్ష తప్పని బల్లగుద్ది చెప్తాను. కానీ ఓటర్ల కోపానికి భయపడే జడ్జి ఎవరిమీద కఠినంగా ఉంటాడు? స్టాన్‌ఫర్డ్ ఈతగాళ్లు కోర్టుకు వచ్చేది ఎప్పుడో ఒకసారి. రోజూ వచ్చేది పేదవాళ్లు, నల్లవాళ్లు, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు చాలామంది రీకాల్‌ను వ్యతిరేకించింది ఇందుకే. ఆరు నెలల శిక్షను తప్పుపట్టిన జిల్లా అటార్నీ (కౌంటీ ప్రధాన ప్రాసిక్యూటర్) జెఫ్ రోసెన్ కూడా రీకాల్ వద్దన్నారు. తర్వాత పరిశోధకులు కాలిఫోర్నియా కౌంటీల రికార్డులు చూస్తే, రీకాల్ ప్రచారం ప్రకటించిన వెంటనే జడ్జీలు వేసే శిక్షలు బరువెక్కినట్టు తేలింది. ఆ అదనపు నెలలు, ఏళ్లు మోసినవాళ్లకు టర్నర్ పేరు కూడా తెలిసి ఉండదు.

నా భార్య దీనికి ఇచ్చే జవాబు కూడా రాయాలి. ‘అయితే జనం ఏం చేయాలి? కమిషన్ తప్పులేదంది. ఎన్నికల్లో పోటీయే లేదు. ఇంకెక్కడ చెప్పుకోవాలి?’ దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు.

చట్టం మారిందా?

మారింది, చాలా వేగంగా. 2016 సెప్టెంబర్ 30న గవర్నర్ జెర్రీ బ్రౌన్ రెండు బిల్లుల మీద సంతకం చేశారు. స్పృహలో లేని, మత్తులో ఉన్న మనిషిపై లైంగిక దాడి రుజువైతే ఇప్పుడు ప్రొబేషన్ కుదరదు, జైలు తప్పనిసరి. అత్యాచారం మాటకున్న ఇరుకు అర్థం కూడా విస్తరించింది. టర్నర్ మీద పాత చట్టమే వర్తించింది.

మన దగ్గర జడ్జీలకు ఇలాంటి వెసులుబాటు ఉందా?

ఒకప్పుడు ఉండేది. 1983 సవరణలో అత్యాచారానికి కనీసం ఏడేళ్లు అని పెట్టారు, కానీ తగిన ప్రత్యేక కారణాలు రాసి తగ్గించే వీలు జడ్జికి ఉంచారు. నిర్భయ ఘటన తర్వాత 2013లో ఆ వీలు తీసేశారు. 2018లో కనీస శిక్ష పదేళ్లయింది, భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. అంటే కాలిఫోర్నియా 2016లో మూసిన సందును మనం మూడేళ్ల ముందే మూశాం.

ఆ 1983 సవరణ వెనక కథ కూడా దీనికి దగ్గరే. పోలీస్ స్టేషన్‌లో తనపై అత్యాచారం జరిగిందన్న ఆదివాసీ అమ్మాయి మథుర కేసులో సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేస్తే 1979లో నలుగురు లా అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దానికి ముందే, 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ అనే మహిళపై పోలీసులే అత్యాచారం చేశారన్న ఉదంతానికి నగరం మండిపోయింది. ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు తేల్చినా, కేసు రాయచూరుకు మారాక వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. అక్కడ యూనిఫాం, ఇక్కడ జెర్సీ.

మా అబ్బాయి ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువుతున్నాడు. ఇలాంటి కేసులో అతనికీ ఇదే కనికరం దొరుకుతుందా?

ఆ ధీమా పెట్టుకోవద్దు. అమెరికా పౌరుడు కాని మనిషికి శిక్ష కోర్టుతో ఆగదు. లైంగిక నేరంలో ఫెలనీ రుజువైతే వీసా పోయి దేశం నుంచి పంపించేసే ప్రమాదం చాలా ఎక్కువ. శిక్ష తగ్గించుకోవడానికి నేరం ఒప్పుకున్నా ఇమ్మిగ్రేషన్ దెబ్బ తగ్గకపోవచ్చు. ఆ సంగతి లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి ఇమ్మిగ్రేషన్ కూడా తెలిసిన క్రిమినల్ లాయరు కావాలి. అంతకంటే ముందు పిల్లాడితో ఒక మాట స్పష్టంగా చెప్పండి: తాగి తూలుతున్న అమ్మాయి ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదు.

అమ్మాయి విషయంలో ఇలాంటిది జరిగితే?

ముందు ఆమెను తప్పుపట్టకండి. ఎందుకెళ్లావు, ఎందుకు తాగావు అని అడగడానికి అవతలి లాయరు ఉంటాడు. ఆస్పత్రిలో చేసే ఫోరెన్సిక్ పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు, దానికోసం పోలీసు కేసు పెట్టాల్సిన షరతూ లేదు. ఆధారాలు భద్రంగా ఉంటే కేసు సంగతి తర్వాత నిర్ణయించుకోవచ్చు. యూనివర్సిటీలో లింగ వివక్ష, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసుకు వెళ్లడం, పోలీసులకు ఫిర్యాదు చేయడం రెండు వేరు వేరు దారులు. ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోదు.

వాళ్లంతా ఇప్పుడెక్కడున్నారు?

టర్నర్ ఒహాయోకు వెళ్లిపోయాడు. అక్కడ జీవితాంతం 90 రోజులకోసారి అధికారుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. పెర్స్కీని 2019లో శాన్ హోసేలో ఒక హైస్కూలు అమ్మాయిల టెన్నిస్ కోచ్‌గా పెట్టుకున్నారు. సంగతి తెలిసి తల్లిదండ్రులు, విద్యార్థులు అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజులకే తీసేశారు.

ఎమిలీ డో 2019 సెప్టెంబర్‌లో తన అసలు పేరుతో జనం ముందుకొచ్చింది. పేరు షనెల్ మిల్లర్. రచయిత్రి, చిత్రకారిణి. ఆ డంప్‌స్టర్ ఉన్నచోట స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు ఒక చిన్న తోట పెట్టింది. కోర్టులో చదివిన ఆ 12 పేజీల చివర్లో ఆమె కృతజ్ఞతలు చెప్పిన వాళ్లలో ఆ ఇద్దరు స్వీడన్ విద్యార్థులున్నారు. రెండు సైకిళ్ల బొమ్మ తనే గీసి, మంచానికి పైన గోడకు అంటించుకుని, దాని కింద నిద్రపోతున్నానని చెప్పింది.